గృహయంత్ర పరిచయము: మూతి కలిసిన మాట కలియునా?



గత మాసమున ఇన్వర్టరు బ్యాటరీని గూర్చి వ్రాసిన పిమ్మట నాకు వచ్చిన యుత్తరములలో మూడు ఒకే విషయమును గూర్చినవి. కంప్యూటరును తెరకు గలుపుటకై తీగ కొంటిమి, కొన రంధ్రమున జక్కగా నమరినది, బొమ్మ మాత్రము రాలేదు, లేదా వచ్చి యారిపోయినది, లోప మెక్కడ నున్నదని యా సోదరీమణుల ప్రశ్న. ఒకరు నరసారావుపేటనుండియు, ఒకరు కరీంనగరమునుండియు, మూడవవారు బళ్లారినుండియు వ్రాసిరి. మూడిండ్లకును బజారువా రిచ్చిన సమాధాన మొక్కటియే: తెర పోయినది, క్రొత్తది కొనుడు. ఆ మాట విని యేడెనిమిది వేల రూపాయలు పోయుటకు ముందు, ఇంట నున్నదాని సంగతి కొంత తెలిసికొందము. పదేండ్ల క్రిందటి తెరలు పెక్కు నేటికిని జక్కగా వెలుగును. కొనకు కొన కలిసినను నొకదాని భాష రెండవదానికి దెలియనందున నవి యటకల పాలును, త్రాసుల పాలును అగుచున్నవి.

కొన యాకారము వేరు, దానిలోపల బ్రవహించు సంకేతము వేరు. కంటికి గనబడునది మొదటిది గనుక అంగడివారును, ఇంటి మగవారును దానితోనే తృప్తి పడుదురు. బొమ్మను దెచ్చునది రెండవది.

మన యిండ్లలో నెక్కువగా గనబడు పాత కొన వీ.జీ.ఏ. అనునది. తరచుగా నీలి రంగు మూతి, అందు మూడు వరుసలలో 15 సూదులు, ఇరుప్రక్కల రెండు మరలు. దీనిని 1987లో ఐ.బి.యం. సంస్థ తన పి.యస్./2 కంప్యూటరులతో బాటు ప్రవేశపెట్టినది. ఆనాడు 640 చుక్కల వెడల్పును, 480 చుక్కల యెత్తును గల బొమ్మకై యేర్పడిన యీ పద్ధతి తరువాతి కాలమున నంతకు బెక్కు రెట్లు సూక్ష్మమైన బొమ్మలను గూడ మోసినది. 2010 డిసెంబరులో ఇంటెల్, ఎ.యమ్.డి., డెల్ మొదలగు సంస్థలు 2015 నాటికి దీనికి స్వస్తి చెప్పుదుమని ప్రకటించినవి. వారు స్వస్తి చెప్పినను మన యటకలమీది మానిటరులును, బడులలోని ప్రొజెక్టరులును దానిని విడువలేదు. మా వారి పాఠశాలలోని ప్రొజెక్టరునకు నేటికిని వీ.జీ.ఏ.యే గతి.

దీనిలో బోవు సంకేతము అనలాగు. అనగా ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులకు వేర్వేరు సూదు లుండి, ఏ రంగు ఎంత గాఢముగా నుండవలెనో యంతకు దగినట్లు విద్యుత్తు హెచ్చుచు దగ్గుచు సాగును. వీణతీగపై గమకమువలె తెంపులేని ధార యది. ఈ మూడు రంగుల మర్మ మెరిగిన గృహిణి తెరను జూచియే రోగమును జెప్పగలదు. నీలపు సూది యంటనియెడల తెల్లని పుట పసుపు పూసినట్లగును. ఎరుపుది యంటనిచో బొమ్మ నీలియాకుపచ్చ చాయకు దిరుగును. ఆకుపచ్చది పోయినచో ఊదా కలిసిన యెరుపు గనబడును. అట్టివేళ విద్యుత్తు నాపి, తీగను విప్పి, సూదులను వెలుతురున బరీక్షింపుడు. వంగిన సూదిని చిన్న పట్టుకారుతో మెల్లగా నిలుపవచ్చును. నడిమి వరుసలోని తొమ్మిదవ సూది కొన్ని తీగలలో మొదటినుండియు నుండదు. ఊడినదేమో యని దిగులు పడవలదు. ఇరుప్రక్కల మరలను మాత్రము తప్పక బిగింపుడు. వానిని బిగింపక వదలుటచేతనే సగము సూదులు వంగుచున్నవి.

సూదులుగల కొనను అంగళ్లలో "మేల్" అనియు, రంధ్రములుగల దానిని "ఫీమేల్" అనియు నందురు. ఈ పేరులు పెట్టినవారి రసికతను నేను మెచ్చుకొనజాలను. ఐనను కొనునపుడు ఆ మాటలే వాడవలెను. లేకున్న నొకటికి మరొకటి చేతికి వచ్చును. ఇచ్చట మాత్రము సూదికొన, రంధ్రపుకొన యనియే వ్రాసెదను.

1999లో డి.వి.ఐ. అను వెడల్పైన కొన వచ్చినది. ఇది సాధారణముగా దెల్లగా నుండును. ఇందు బొమ్మ ధారగా గాక అంకెలుగా బోవును. డిజిటల్ అనగా నిదియే. కీర్తనను వీణపై వాయించి వినిపించుటకును, దానినే స్వరలిపిలో వ్రాసి పంపుటకును గల భేద మనుకొనుడు. వాద్యధ్వని దూరము పోయినకొలది సన్నగిల్లును. వ్రాత దారిలో గొంత మాసినను అక్షరము చదువ వీలైనంత దనుక పాట చెడదు. 2002 డిసెంబరులో వెలువడిన హెచ్.డి.యం.ఐ., నేడు ప్రతి టెలివిజను వెనుకను గనబడునది, బొమ్మ విషయమున డి.వి.ఐ. లిపినే స్వీకరించి దానికి ధ్వనిని గూడ జేర్చుకొన్నది. ఈ రెంటి మూతులును చూపులకు మిక్కిలి భిన్నములు, మాట మాత్ర మొక్కటియే. కావున వీని నడుమ గావలసిన యడాప్టరు కేవలము మూతిని మార్చునది. దాని లోపల యంత్ర మేదియు లేదు, వెల తక్కువ, ఎటునుండి యెటు పెట్టినను బనిచేయును.

నరసారావుపేట సోదరి తన మానిటరు వెనుక వీ.జీ.ఏ., డి.వి.ఐ. రెండును గలవనియు, ల్యాప్‌టాపునకు హెచ్.డి.యం.ఐ. కలదనియు, అంగడివా రిచ్చిన వీ.జీ.ఏ. కన్వర్టరుతో బొమ్మ పది నిమిషముల కొకసారి యారిపోవుచున్నదనియు వ్రాసినారు. అమ్మా, ఆ కన్వర్టరును ప్రక్కన బెట్టుడు. ఒక కొన హెచ్.డి.యం.ఐ.యు, రెండవ కొన డి.వి.ఐ.-డి యు గల తీగ నొకదానిని గొనుడు. 1920 చుక్కల వెడల్పును, 1200 చుక్కల యెత్తును దాటని తెరలకు "సింగిల్ లింకు" తీగయే చాలును. బొమ్మ వీ.జీ.ఏ. ద్వారా వచ్చినదానికంటె దేటగా నుండును. ధ్వనిని ల్యాప్‌టాపునందే వినవలెను.

డి.వి.ఐ.లో నొక చిక్కు గలదు. కంప్యూటరు వెనుకనున్న డి.వి.ఐ. మూతిలో సన్నని చీలికకు పైన రెండు, క్రింద రెండు చిన్న రంధ్రము లున్నయెడల అది డి.వి.ఐ.-ఐ. దానిలో అంకెలతో బాటు అనలాగు ధారయు గలదు. ఆ నాలుగును లేనియెడల అది డి.వి.ఐ.-డి, అందు అంకెలే యుండును. డి.వి.ఐ.ని వీ.జీ.ఏ.గా మార్చు చవుక మూతి మొదటిదాని యందే పనికివచ్చును.

హెచ్.డి.యం.ఐ.కిని వీ.జీ.ఏ.కిని నడుమనైనచో మూతి మార్చిన జాలదు. స్వరలిపిని జూచి పాడు గాయకు డొకడు కావలెను. వీ.జీ.ఏ.నుండి హెచ్.డి.యం.ఐ.కి బోవలెనన్న, పాటను విని లిపిలో వ్రాయు లేఖకుడు కావలెను. అడాప్టరు లోపలి చిప్పు ఆ పని చేయును. పాడ నేర్చినవానికి వ్రాయ రాదు. వ్రాయ నేర్చినవానికి పాడ రాదు. బజారున దొరకు చవుక పెట్టెలలో వీరు వేర్వేరుగా నుందురు. ఒకదానిని త్రిప్పి పట్టుకొన్నంతమాత్రమున మరొకటి గానేరదు.

మా యెదురింటి వదినగారి యమ్మాయి హైదరాబాదులోని యొక కార్యాలయపు లెక్కలను ఇంటనుండియే వ్రాయుచున్నది. ఆ యింటికి స్థిరమైన రాబడి యదియొక్కటియే. గత వేసవిలో ల్యాప్‌టాపు బల్లమీదనుండి పడి తెర పగిలినది. క్రొత్త తెర వేయుటకు మరమ్మతు అంగడివారు తొమ్మిది వేలును, వారము దినముల గడువును అడిగిరి. నెలాఖరు లెక్కలు మూడు దినములలో బంపవలసి యుండెను. అటకపై వీ.జీ.ఏ. మానిటరొకటి గుడ్డ కప్పుకొని యున్నది. పిల్లవాడు బజారునకు బోయి యడాప్టరు దెచ్చెను. దాని సూదికొన మానిటరు వెనుక జక్కగా నెక్కినది. హెచ్.డి.యం.ఐ. తీగ యొక కొన ల్యాప్‌టాపున, రెండవ కొన యడాప్టరున నమరినవి. ఎక్కడను వెండ్రుకవాసి తేడా లేదు. తెరపై మాత్రము "నో సిగ్నల్" అను మాట! అమ్మినవానికి ఫోను చేయగా, మానిటరు చచ్చినదని తీర్పు చెప్పెను. మరునాడు పాత సామానులవాడు దానిని త్రాసున బెట్టి నూటయేబది రూపాయ లిత్తు ననుచుండగా నేను వెళ్లితిని.

అడాప్టరును జేతబట్టి చూడగా దానిపై "వీ.జీ.ఏ. టు హెచ్.డి.యం.ఐ." యని ఆంగ్లమున నుండెను. ప్రక్కనుండి చిన్న యు.యస్.బి. తోక యొకటి వ్రేలాడుచుండెను. అది పాత కంప్యూటరు బొమ్మను క్రొత్త టెలివిజనునకు బంపు లేఖకుడు. వదినగారింట గావలసినవాడు గాయకుడు. "టు" అను నా యొక్క యక్షరమునందే సర్వమును గలదు: దానికి ముందున్నది బొమ్మ పుట్టుచోటు, తరువాత నున్నది బొమ్మ చేరుచోటు. వదినగారును నేనును గలిసి యా యంగడికి బోతిమి. "రెండును ఒకటేనమ్మా, త్రిప్పి పెట్టుకొనుడు" అనెను. ఐనచో నీ బల్లమీది మానిటరునకు దగిలించి చూపుమంటిమి. చూపలేక, ఏబది రూపాయ లెక్కువ పుచ్చుకొని రెండవదాని నిచ్చెను. ఆ రాత్రియే లెక్కలు సాగినవి. మూడవనాడు వేళకు జేరినవి. ఆ మానిటరు నేటికిని ఆ యమ్మాయి బల్లమీద వెలుగుచున్నది.

కన్వర్టరు లోపలి చిప్పునకు విద్యుత్తు కావలెను. హెచ్.డి.యం.ఐ. మూతియందే 5 వోల్టుల విద్యుత్తు కొంచెము దొరకును. అందు 55 మిల్లీయాంపియరులవరకే నియమము హామీ యిచ్చును. కొన్ని పెట్టెల కది చాలదు. బొమ్మ వచ్చి యారిపోవుటకు దరచుగా నిదియే హేతువు. కొనునపుడు ప్రక్కన చిన్న యు.యస్.బి. రంధ్రమును, ధ్వని తీగకు గుండ్రని రంధ్రమును గలదానిని గొనుడు. వీ.జీ.ఏ.లో ధ్వని పోదు గనుక అది వేరుగా బయటికి రావలెను. మరియొక మాట: సొమ్ము చెల్లించి చూచు కొన్ని చలనచిత్రములు ఇట్టి కన్వర్టరుల గుండ బోయినపుడు నల్లని తెరయే చూపును. దొంగనకలులను వారించుటకై హెచ్.డి.యం.ఐ.లో నుండు కాపుదల వీ.జీ.ఏ.లో లేకపోవుటయే దీనికి గారణము. పాఠములకును, లెక్కలకును ఆటంక ముండదు.

మానిటరు చచ్చినదనుటకు ముందు మరి రెండు పనులు చేయుడు. మానిటరు క్రింద "ఇన్‌పుట్" లేక "సోర్సు" అను మీట యుండును. రెండు మూడు మూతులు గల తెర మన మే మూతికి దీగ తగిలించితిమో దానినే చూచుచున్నదా యని దానితో మార్చి చూడవలెను. పిదప విండోసు గల కంప్యూటరులో విండోసు గురుతుగల మీటను, "పి" అక్షరమును ఒకసారి నొక్కిన, బొమ్మను రెండు తెరలపై జూపవలెనా, ఒకదానిపై జూపవలెనా యని యడుగును. ఈ రెంటితోనే పెక్కు తెరలు బ్రతుకును.

బళ్లారి సోదరి పాత ల్యాప్‌టాపు తెరను క్రొత్తదానికి మానిటరుగా వాడుకొనవలెనని, రెంటి హెచ్.డి.యం.ఐ. మూతులను ఒకే తీగతో గలిపినారట. ఆలోచన పొదుపైనదే. కాని ల్యాప్‌టాపుల హెచ్.డి.యం.ఐ. సాధారణముగా బొమ్మను బయటికి బంపునదే గాని లోపలికి దీసికొనునది కాదు. ఇద్దరును పాడువారే, వినువారు లేరు. టెలివిజను, మానిటరులందలి మూతులు వినునవి. ల్యాప్‌టాపు, సెట్‌టాపు పెట్టెలందలివి పాడునవి. తీగను విడిచి, రెంటియందును విండోసు 10 గాని 11 గాని యుండి వై-ఫై దానికి దగినదైనచో, పాతదానిలో "వైర్‌లెస్ డిస్‌ప్లే" యను భాగమును జేర్చుకొని యీ కోరికను దీర్చుకొనవచ్చును.

ఇక కరీంనగరపు సోదరి కష్టము. పట్టణములలోని కార్యాలయములు మార్చివేసిన మంచి మానిటరులు సగము వెలకు మన యూళ్లకు వచ్చుచున్నవి. వానిలో బెక్కింటికి డిస్‌ప్లే పోర్టు అను మూతి యుండును. చూపులకు హెచ్.డి.యం.ఐ.ని బోలును గాని, ఒక మూల మాత్రము కోసినట్లుండును. లాగునపుడు పైనున్న చిన్న మీటను నొక్కవలెను; బలముగా లాగిన మూతియే యూడివచ్చును. 2006లో వేసా యను సంస్థ వెలువరించిన యీ పద్ధతిలో బొమ్మ చిన్న చిన్న కట్టలుగా, ఉత్తరముల మూటలవలె బోవును. అనగా లిపి హెచ్.డి.యం.ఐ. లిపి కాదు. ఐనను కంప్యూటరులందలి డిస్‌ప్లే పోర్టులు పెక్కు రెండు లిపులు నేర్చినవి: చవుక యడాప్టరు తగిలినంతనే హెచ్.డి.యం.ఐ. లిపిలో వ్రాయ మొదలిడును. అట్టిదాని ప్రక్కన "డి.పి." గురుతుతో రెండు కూడిక గురుతు లుండును. హెచ్.డి.యం.ఐ. పక్షమున నీ పాండిత్యము లేదు. అందుచేత డిస్‌ప్లే పోర్టుగల కంప్యూటరునుండి హెచ్.డి.యం.ఐ. తెరకు చవుక తీగ చాలును, హెచ్.డి.యం.ఐ. ల్యాప్‌టాపునుండి డిస్‌ప్లే పోర్టు మానిటరునకు ఆ తీగయే త్రిప్పి పెట్టినను బనికిరాదు. సోదరి కొన్న తీగ మొదటి విధమునది. ఆమెకు గావలసినది "హెచ్.డి.యం.ఐ. టు డిస్‌ప్లే పోర్టు" అని స్పష్టముగా వ్రాసి, విద్యుత్తునకు యు.యస్.బి. తోక గల కన్వర్టరు. వెల హెచ్చే. ఆ మానిటరునకు డి.వి.ఐ. గాని హెచ్.డి.యం.ఐ. గాని వేరొక మూతి యున్నదేమో ముందు వెదకుడు. ఉన్నచో నా ఖర్చు తప్పును.

బంగారు పూత తీగను గొన్నచో బొమ్మ మెరయునని కొందరు వర్తకులు చెప్పుచున్నారు. పూత త్రుప్పును వారించును. కాకినాడ, మచిలీపట్టణముల యుప్పుగాలిలో నది మేలే. కాని అంకెలుగా వచ్చు బొమ్మకు బంగారమువలన గొత్త కాంతి రాదు. బొమ్మ వచ్చును, లేదా చిట్లును, లేదా రాదు. ఫోర్-కే యను మిక్కిలి సూక్ష్మమైన తెరలు గలవారు మాత్రము తీగ తరగతిని జూడవలెను. 2009 నాటి హెచ్.డి.యం.ఐ. 1.4 పద్ధతిలో అట్టి బొమ్మ క్షణమునకు 30 మారులే మారును. బాణపు గురుతు తెరపై ఈడ్చుకొని పోవుచున్నట్లుండును. 2013 నాటి 2.0 పద్ధతిలో 60 మారులు మారును. సాధారణ తెరలవారికి ఈ చింత లేదు.

మిగిలినది యు.యస్.బి. సి. 2014లో వెలువడిన యీ చిన్న గుండ్రంచుల మూతిలో 24 స్పర్శలు గలవు. తలక్రిందుగా బెట్టినను బట్టును. ఫోనులకును, క్రొత్త ల్యాప్‌టాపులకును ఇదియే. తలుపు ఒకటే, లోపలి కాపురములు మాత్రము పెక్కు. ఒకదానిలో బ్యాటరీ నింపు విద్యుత్తు మాత్రమే వచ్చును, ఒకదానిలో దస్త్రములును బోవును, ఒకదానిలో బొమ్మయు బోవును. బయటికి మూడును ఒక్కతీరుననే యుండును. ల్యాప్‌టాపు మూతి ప్రక్కన డిస్‌ప్లే పోర్టు గురుతు గాని మెరుపు గురుతు గాని యున్నచో బొమ్మ వచ్చును. గురుతు లేకున్నను రావచ్చును. అట్టివేళ ఆ యంత్రపు వివరపత్రమును జూడవలెను. తీగలందును ఇదే భేదము గలదు: ఫోనుతో వచ్చిన చార్జింగు తీగ తెరకు దగులును గాని సాధారణముగా బొమ్మను మోయదు.

ఫోనునుండి టెలివిజనునకు బిల్లల పాఠములను బంపుటకై "సి టు హెచ్.డి.యం.ఐ." యడాప్టరును గొనదలచినవారు ముందుగా ఫోను వివరములలో "డిస్‌ప్లే పోర్టు" అను మాట కలదేమో చూడుడు. తక్కువ వెల ఫోనులు చాలవరకు "యు.యస్.బి. 2.0" అని మాత్రమే చెప్పుకొనును. అట్టివానికి ఎంత వెలపెట్టి కొన్న యడాప్టరైనను బొమ్మ నీయజాలదు, ఏలయన ఫోనునందే బొమ్మ బయటికి బోవు దారి లేదు. ఆ యిండ్లలో టెలివిజనునకు వై-ఫై యున్నచో "కాస్ట్" అను మీటతో దీగ లేకయే పాఠమును తెరపై జూపవచ్చును.